మలక్‌పేట మీదుగా మలగా

ఎండను పీపాల్లో పోసి ఓడలకెక్కించే వీలే ఉంటే ఖతార్‌కు గ్యాస్ తవ్వుకునే పని ఉండేది కాదు. అంత సరుకు ఊరికే పడి ఉన్న దేశంలో కాపురముంటూ, అదే ఎండ చూడడానికి టికెట్ కొనుక్కొని స్పెయిన్ పోవడం ఏ వ్యాపారానికీ గిట్టుబాటు కాదని గంగాప్రసాద్ చాలా నెలలు వాదించాడు. సొంత దుకాణంలో బియ్యం పెట్టుకొని ఎదుటి దుకాణంలో కొన్నట్టుంటుందన్నాడు. అతని భార్య సునంద వినలేదు.

"ఈడ ఎండ కనవడితే జనం ఉరుకుతరు. ఆడ ఎండల బట్ట పరుచుకొని పంటరట. అట్ల పండెటోళ్ళను ఒక్కపారి సూడాలె," అంది.

గంగాప్రసాద్‌ది జగిత్యాల దగ్గర ఒక పల్లె. దోహాలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ వీధుల్లో అతనికి కిరాణా దుకాణం ఉంది. మన బియ్యం, మన చింతపండు, మన తొక్కులు అక్కడ దొరుకుతాయి. పెళ్ళయి పాతికేళ్ళవుతోంది. ఈ పాతికేళ్ళలో భార్యకు మూడు దేశాలు చూపించానని అతను నలుగురిలో చెప్పుకుంటాడు. సునంద లెక్క వేరు. థాయిలాండ్‌లో ఆమె చూసింది చింతపండు గోదాము. టర్కీలో అంజీర గోదాము. సలాలాలో సముద్రం చూపిస్తానని తీసుకెళ్ళి, దారిలో కొబ్బరి తోట దగ్గర దిగి, చీకటి పడేదాకా బేరమాడాడు. "మూడు దేశాలు కాదు, మూడు గోదాములు సూపిచ్చిండు," అంటుంది ఆమె.

అందుకని ఈసారి దేవుడి పటం ముందు నిలబెట్టి ఒట్టు వేయించింది. మలగా అనే ఆ సముద్రపు ఊళ్ళో అతను ఏ వస్తువు ధరా అడగకూడదు. ఎవరితోనూ బేరం మాట కదపకూడదు. ఒట్టు తప్పితే, తిరిగి వచ్చిన రోజు నుంచి దుకాణంలో గల్లాపెట్టె ముందు సునంద కూర్చుంటుంది, గంగాప్రసాద్ ఇంట్లో వంట చేస్తాడు. అతనికి వంట రాదు. అంతకంటే పెద్ద భయం, ఆమెకు గల్లాపెట్టె ముందు కూర్చోవడం వచ్చు.

ఆదివారం పొద్దున విమానం. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదని గంగాప్రసాద్ నిశ్చయించుకున్నాడు. కిరాణా కొట్టువాడు స్పెయిన్ వెళ్ళాడని తెలిస్తే, మన చింతపండు మీద వీడు ఎంత మిగుల్చుకుంటున్నాడోనని కొనేవాళ్ళు లెక్కలు మొదలుపెడతారు. దుకాణంలో పనిచేసే గౌస్ మొహియుద్దీన్‌తో కూడా "పని మీద పోతున్న, ఆరు రోజులు చూస్కో" అని మాత్రమే చెప్పాడు. చెప్పక తప్పనిది ఒక్క మనిషికే. ఊళ్ళో ఉన్న అక్క భూమవ్వ. ఆమె రోజూ పొద్దున చాయ్ తాగగానే తమ్ముడికి ఫోను చేస్తుంది. ఎత్తకపోతే గల్ఫ్‌లో తనకు తెలిసిన ప్రతి ఒక్కరికీ చేస్తుంది.

గురువారం పొద్దున ఆమె ఫోను రాగానే, గౌస్ వినకుండా గంగాప్రసాద్ దుకాణం వెనక సందులోకి వెళ్ళాడు. ఆ సందులో చుట్టుపక్కల ఇళ్ళ ఏసీల వెనక భాగాలన్నీ గోడలకు బిగించి ఉంటాయి. అక్కడ నిలబడితే పది రైసుమిల్లుల మధ్య నిలబడ్డట్టుంటుంది. పైగా అది ఇంటర్నెట్ ఫోను. ప్రతి మాట మీదా కొంత తరుగు తీసుకొని కాని అవతలికి పంపదు.

"అక్కా, మేము స్పెయిన్ పోతున్నం!"

మొదట్లో ఉన్న అర అక్షరం తరుగు కింద పోయింది.

"పెయినా? ఎప్పటిసందిరా తమ్మీ?"

"మస్తు రోజులసంది అనుకుంటనే ఉన్నం. ఇగ ఆపుడు నాతోని కాలేదక్కా."

"అయ్యో! ఏడరా?"

"పక్కకే. నీళ్ళ పక్కకే."

"నీళ్ళ పక్కకా!"

"అవ్. రెండూ బుక్కయినయ్," అన్నాడు, టికెట్ల సంగతి.

"రెండు గూడనా?" భూమవ్వ గొంతు వణికింది. ఏసీల హోరులో ఆ వణుకు ఇటు రాలేదు.

"రెండూ. ఆపరేటర్ మంచోడు, అంత ఆయనే చూసుకుంటడు. ఆరు దినాలుంటం. నీళ్ళు కనవడె రూము ఇస్తరట."

"నీళ్ళు ఎక్కిస్తరా? ఆపరేషన్ ఏ ఊర్లరా?"

"ఆ, ఊరా? మలగా!"

"మలక్..." అంటుండగా లైను తెగిపోయింది.

తరుగు పోయిన చోట కొసరు భూమవ్వే వేసుకుంది. మోకాళ్ళు చూపించుకోవడానికి ఆమె రెండుసార్లు హైదరాబాద్ వెళ్ళింది. రెండుసార్లూ మలక్‌పేటకే వెళ్ళింది. పక్కలో నొప్పి, నీళ్ళ బాధ, రెండూ బుక్కయినయ్, ఆపరేషన్, మలక్‌పేట. వాళ్ళ ఊళ్ళో బుక్కవడమంటే పని అయిపోవడమే. ఇంకా ఏం తెలియాలి? చాయ్ గ్లాసు కింద పెట్టి, గడపలో కూర్చొని ఏడుపు మొదలుపెట్టింది.

గంగాప్రసాద్ మాత్రం తేలిక మనసుతో లోపలికి వచ్చాడు. ఊరికే ఖర్చెందుకురా అని అక్క గొడవ చేస్తుందనుకున్నాడు. ఆమె ఒక్క మాట అనలేదు. వయసు మీద పడుతుంటే మెత్తబడిందనుకున్నాడు.

మధ్యాహ్నానికి కబురు ఊరు దాటింది. "దుబాయ్‌ల మా తమ్మునికి రెండు కిడ్నీలు పోయినయ్" అని భూమవ్వ చెప్పింది. ఆమెకు గల్ఫ్ మొత్తం దుబాయే. అందువల్ల నిజంగా దుబాయ్‌లో ఉన్న మరో గంగాప్రసాద్‌కు ముందుగా ఓదార్పు ఫోన్లు వెళ్ళాయి. అతను భయపడి, ఎందుకైనా మంచిదని పరీక్షలు చేయించుకున్నాడట. సాయంత్రానికి మనుషులు తప్పు సరిచేసుకొని ఖతార్ వైపు తిరిగారు.

శుక్రవారం అక్కడ అందరికీ సెలవు, దుకాణానికి తప్ప. గంగాప్రసాద్ గోదాములో సరుకు సర్దించి బయటికి వచ్చేసరికి, గౌస్ ఒక బియ్యం బస్తా మీద దుప్పటి పరిచి ఉంచాడు.

"కూర్చోండి సేట్. నిలబడొద్దు. నాతోని ఎందుకు చెప్పలేదు? పని మీద పోతున్నా అన్నారు. నేను పరాయోణ్ణా?" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

గంగాప్రసాద్ స్పెయిన్ సంగతి బయటపడిందనుకున్నాడు. "నీకెవలు చెప్పిండ్రు?"

"అందరికీ తెలుసు సేట్. మలక్‌పేట్ నా ససురాల్, అత్తగారిల్లు. మా బావమరిదికి చెప్తా, రోజూ టిఫిన్ తెస్తాడు."

మలగాకు టిఫిన్ ఎలా వస్తుందో అడిగేలోపు తలుపు తెరుచుకొని బుచ్చన్న వచ్చాడు. బుచ్చన్నది అదే ఊరు. మెసైమీర్‌లో ఒక సైటు మీద మేస్త్రీ. క్యాంపు నుంచి పదిమందిని వెంటబెట్టుకొచ్చాడు. అందరూ ఇస్త్రీ బట్టలు వేసుకొని, శవం ఇంటికి వచ్చినట్టు తల వంచుకొని నిలబడ్డారు.

"అన్నా, నాది తీస్కో," అన్నాడు బుచ్చన్న.

"ఏంది తీస్కునేది?"

"కిడ్నీ. నాకు రెండున్నయ్. ఒకటి ఊకెనే ఉంటది."

గంగాప్రసాద్‌కు అప్పుడు ఒక్కొక్కటిగా తెలిసివచ్చింది. అక్క ఎందుకు మెత్తబడిందో, గౌస్ దుప్పటి ఎందుకు పరిచాడో, మలక్‌పేట ఎక్కణ్ణుంచి వచ్చిందో. నిజం చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. సరిగ్గా అప్పుడే, ఉత్త చేతులతో వచ్చామని సిగ్గుపడుతున్న బుచ్చన్న మనుషుల్లో ఒకడు నెమ్మదిగా అన్నాడు.

"గౌస్ భాయ్, కిడ్నీకి ఉలవలు మంచియంటరు గదా. ఉన్నయా?"

ఉలవలు ఉన్నాయి. ఉండటం కాదు, పేరుకుపోయి ఉన్నాయి. కిందటేడు పెసలు తెప్పించబోయి గంగాప్రసాద్ ఉలవలు తెప్పించాడు. ఒంటికి వేడి చేసే ఉలవచారును ఖతార్‌లో కాచుకొని తాగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. గోదాములో ఒక మూల ఆ బస్తాలే. ఆ మూలకేసి చూసినప్పుడల్లా అతనికి పక్కలో నిజంగానే కొంచెం పోటు వచ్చేది.

పదిమందీ తలా ఒక పొట్లం కొని అతని చేతుల్లో పెట్టారు. "మంచిగయి రా అన్నా," అని వెళ్ళిపోయారు. గంగాప్రసాద్ తెరిచిన నోరు మూసుకున్నాడు. చేతుల్లోని పొట్లాల వంక చూశాడు, ఖాళీ అయిన అర వంక చూశాడు. పొట్లాలు తీసుకెళ్ళి మళ్ళీ అరలో పెట్టాడు.

తరువాత వచ్చిన గుంపు వాటినే కొని, వాటినే అతనికి ఇచ్చింది.

వ్యాపారంలోకి దిగిన నాటి నుంచీ గంగాప్రసాద్ రకరకాల సరుకులు అమ్మాడు కాని, అమ్మాక నడిచి వెనక్కి వచ్చే సరుకును ఇదే చూడటం. గోదాము నుంచి బస్తా కదలదు, గిరాకీ మాత్రం ఆగదు. ఉలవలు అయిపోగానే అందరికీ నిజం చెప్పేద్దామని మనసులో గట్టిగా నిర్ణయించుకున్నాడు. ఉలవలు అయిపోలేదు.

శనివారం ఇంటి తలుపు కొట్టిన చప్పుడుకు సునంద తీసి చూస్తే, ఎదురుగా భానుమతి నిలబడి ఉంది. తెలుగు సంఘం పెద్ద రామకృష్ణారావు గారి భార్య. కాకినాడ వాళ్ళు, అల్ ఘర్రాఫాలో విల్లాలో ఉంటారు. చేతిలో క్యారియర్ ఉంది. ఆమె క్యారియర్ బల్ల మీద పెట్టి సునందను గట్టిగా కావలించుకుంది.

"ఏడవకండి సునంద గారూ."

"నేను ఏడుస్తలేనండి."

"అదేనండీ, లోపలే దాచేసుకుంటున్నారు. ఇదిగో, సొరకాయ కూర. ఉప్పు వేయలేదు, కారం వేయలేదు. మావారు మీవారికోసం రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లన్నీ రాయించేశారు. ముప్పై మంది తేలారండీ. ఒక్కాయనదే గ్రూపు తెలీదు, ఏది కావాలన్నా ఇస్తానంటున్నాడు."

ఆమె వెళ్ళీ వెళ్ళగానే సునంద దుకాణానికి ఫోను చేసింది.

"నాకు తెల్వకుంట నీ కిడ్నీలు ఎప్పుడు బుక్కయినయ్?"

"అక్కకు సరిగ్గ ఇనరాలే. స్పెయిన్ అంటె పెయిన్ అనుకున్నది."

"మరి నువ్వేం చేస్తున్నవ్?"

గంగాప్రసాద్ గొంతు తగ్గించాడు. "ఉలవలు పోతున్నయ్ సునందా."

అవతల కొంతసేపు ఏమీ వినబడలేదు. ఇంటర్నెట్ ఫోను మొత్తం మాటలనే తరుగు కింద తీసుకుందేమోనని అతను అనుకున్నాడు. అది కాదు.

"ఒట్టు పెట్టి నాలుగు దినాలు గాలే," అంది సునంద.

"ఒట్టు మలగాల ధర అడుగనని. దోహాల ఉలవలు అమ్మనని కాదు గదా."

"ఇప్పుడే అక్కకు ఫోన్ జేసి నిజం చెప్పు. రేపు ఆ విమానం మనల్ని ఇడిశిపెట్టి పోయిందనుకో, గల్లాపెట్టె కాడ ఎల్లుండి నేనుంట."

అతను వెంటనే చేశాడు. మళ్ళీ చేశాడు. ఫోను కలవలేదు. ఆ సమయానికి భూమవ్వ చుట్టాలతో ఒక వ్యాను నిండా ఎక్కి, దారిలో సిగ్నల్ లేని చోట ఉంది. వ్యాను హైదరాబాద్ వైపు పోతోంది.

ఆదివారం పొద్దున్నే చప్పుడు కాకుండా టాక్సీ ఎక్కిపోదామని మొగుడూ పెళ్ళాలు పెట్టెలతో మెట్లు దిగారు. కింద రామకృష్ణారావు గారి పెద్ద కారు ఆగి ఉంది. డిక్కీ లోంచి గౌస్, బుచ్చన్న ఒక చక్రాల కుర్చీ దింపుతున్నారు.

"మీరు అస్సలు మాట్లాడకండి గంగాప్రసాద్ గారూ. అంతా మేం చూసుకుంటాం," అన్నారు రామకృష్ణారావు.

కుర్చీలో కూర్చోకపోతే ఇక్కడే నిలబడి నిజం చెప్పాలి, విమానం తప్పుతుంది. కూర్చుంటే నిజం చెప్పక్కర్లేదు, విమానాశ్రయంలో వరుసలో నిలబడక్కర్లేదు. గంగాప్రసాద్ లెక్క చూసుకొని కూర్చున్నాడు. రెండు పెట్టెలూ లాక్కుంటూ వెనక నడుస్తున్న సునంద, "ఈ పెయిన్‌ను పాతికేండ్లసంది నేనే మోస్తున్న," అని గొణిగింది. రామకృష్ణారావు గారికి అది పతిభక్తిలా వినిపించి కళ్ళు చెమర్చాయి.

కౌంటర్ దగ్గరి అమ్మాయి పాస్‌పోర్టులు చూసి, "మలగా?" అని అడిగింది.

గౌస్ చేయెత్తి నోటి మీద పెట్టుకున్నాడు.

"యా అల్లా! మలక్‌పేట్‌కు సీదా ఫ్లైట్ పడిందా? మా ససురాల్ అక్కడే, నాకే తెల్వదు!"

"ఇప్పుడన్నీ కలిపేస్తున్నారు గౌస్," అన్నారు రామకృష్ణారావు, తెలిసినవారి ధోరణిలో. "శంషాబాద్‌లో దిగి బస్సు కోసం చూసే రోజులు పోయాయి. డెవలప్‌మెంట్ అంటే అదే మరి."

బుచ్చన్న వంగి ఒక ఉలవల పొట్లం గంగాప్రసాద్ ఒళ్ళో పెట్టాడు. "దారిల పనికొస్తయ్ అన్నా. కిడ్నీ మాట యాదికుంచుకో. ఎప్పుడంటె అప్పుడొస్త."

ఆ ముఖం చూసి గంగాప్రసాద్ లాభమూ నష్టమూ పక్కన పెట్టి, "బుచ్చన్నా, ఇది స్పెయిన్‌రా," అన్నాడు.

"ఎరికేనన్నా. పెయిన్ మస్తుంటది. నువ్ మాట్లాడకు," అన్నాడు బుచ్చన్న.

మలగా సునంద అనుకున్నట్టే ఉంది. తెల్లటి గోడలు, నారింజ చెట్లు, ఏ తొందరా లేని జనం. హోటల్లో సముద్రం కనబడే గది ఇచ్చారు. స్నానాల గది కిటికీలోంచి నడుము దాకా బయటికి వంగి, వెనక నుంచి ఎవరైనా చొక్కా పట్టుకుంటే, రెండు మేడల మధ్య జానెడు సముద్రం నిజంగానే కనబడుతుంది. గంగాప్రసాద్ ఒట్టు మాత్రం నిలబెట్టుకుంటున్నాడు. వీధిలో ఒక అంగడి ముందు పీపాల నిండా ఆలివ్ కాయలు కనబడితే, చూడకూడదని ఆకాశం వంక చూస్తూ నడిచి దీపం స్తంభానికి గుద్దుకున్నాడు.

మర్నాడు పొద్దున ఇద్దరూ బీచికి వెళ్ళారు. గొడుగు కింద పొడుగాటి కుర్చీ మీద తెల్ల తువ్వాలు పరుచుకొని గంగాప్రసాద్ పడుకున్నాడు. నోట్లో గొట్టం పెట్టుకొని చల్లటి పండ్లరసం తాగుతున్నాడు. చుట్టూ జనం వడియాల్లా ఎండుతున్నారు. సునంద చెప్పులు చేత పట్టుకొని నీళ్ళ అంచున నడుస్తోంది. ఇంత దూరం వచ్చి ఏమీ కొనకుండా, ఏమీ అమ్మకుండా పడుకోవడం కూడా మరీ అంత చెడ్డగా లేదని అతనికి అనిపించింది. సరిగ్గా అప్పుడు భూమవ్వ వీడియో ఫోను వచ్చింది.

"తమ్మీ! గొట్టం నోట్లకెల్లి ఏసిండ్రా!"

గంగాప్రసాద్ గొట్టం ఉమ్మేశాడు. "అక్కా, అది..."

"తియ్యకు! డాక్టర్లు తిడుతరు! ఏ వార్డులున్నవురా? నిన్నటిసంది మేము మలక్‌పేటల దవాఖానా దవాఖానా తిరుగుతున్నం. ఏడ అడిగినా గంగాప్రసాద్ లేడంటున్నరు. ఒక్కకాడ ఉన్నడన్నరు. ఉరికి పోయి చూస్తె ఆయనెవలో పండ్ల డాక్టరు. మా పెద్దమామ పన్ను ఒకటి పీకి పంపిండు."

అప్పుడే గంగాప్రసాద్ కుర్చీ వెనకగా ఇద్దరు ఆడవాళ్ళు ఈత దుస్తుల్లో నడిచి వెళ్ళారు. భూమవ్వ కెవ్వుమంది.

"అవ్వో! ఇదేం దవాఖానరా! నర్సులకు బట్టల్లేవు!"

"ఏదీ, ఫోను ఇటు తిప్పు," అని వెనక నుంచి పన్ను పోయిన పెద్దమామ గొంతు వినబడింది.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "అక్కా, ఇది మలక్‌పేట కాదు. మలగా. నాకు పెయిన్ కాదు. స్... స్... స్‌పెయిన్!"

"నన్నే ఊకోమంటవారా? అన్నం తినక మూడు పూటలాయె, నన్నే ఉష్ష్ అంటవా?"

"ఊకోమంటలేనక్కా! స్పెయిన్ అంటె దేశం. సెలవుకొచ్చినం. సముద్రం చూడవట్టె."

భూమవ్వకు ఎక్కడానికి కొంచెం సమయం పట్టింది. ఎక్కాక ఆమె గొంతు మారింది.

"అయితె కిడ్నీలు?"

"రెండూ ఉన్నయక్కా."

"ఉండి ఏం ఫాయిద, పైన బుద్ధి లేకపాయె! నా ఇంట్ల ఉన్న దేవుండ్లకు చాలక పక్కింటి దేవుండ్లకు గూడ మొక్కితిని. ఇగ ఇను. నువ్వు ఏ పెయిన్‌ల ఉన్నా, ఏ పేటల పడ్డా, నాకు ఫోన్ జెయ్యకు!"

ఆమె ఫోను పెట్టేసిన మరుక్షణం నుంచి మిగతావాళ్ళవి మొదలయ్యాయి. రామకృష్ణారావు గారు ముందుగా గంభీరంగా, "అంటే ప్రస్తుతానికి మీకు రక్తం అక్కర్లేదన్నమాట," అన్నారు. వెనక నుంచి భానుమతి, "ఆ ఉప్పులేని కూర ఆయనకి తోడుగా మేం కూడా మూడు రోజుల్నుంచీ తింటున్నామని చెప్పండి!" అని అరిచింది. బుచ్చన్న కోప్పడలేదు. "అయితె నాది నేనే ఉంచుకోవచ్చా అన్నా?" అని అడిగాడు.

అందరికంటే చివర గౌస్ చేశాడు. అతని గొంతు వెనక సంత రోజు గోల వినిపిస్తోంది.

"సేట్, ఉలవలు వాపస్ చెయ్యమని జనం వచ్చిన్రు."

"సరే, ఎవరి పొట్లం వాళ్ళకియ్యి."

"అదే సేట్ పరేషాన్. పొట్లం ఒకటి, అడిగేటోళ్ళు నలుగురు. అందరు కొన్నదీ నిజమే, అందరు మీకిచ్చిందీ నిజమే. ఈ పొట్లం ఎవరిది సేట్?"

ఇలాంటి లెక్క గంగాప్రసాద్‌కు వ్యాపారంలో ఎప్పుడూ తగల్లేదు. మొదట కొన్నవాడిదా, చివర కొన్నవాడిదా, బహుమతిగా పుచ్చుకున్న తనదా? ఒక్కొక్క కొనుగోలుదారుతో ఫోనులో మాట్లాడాడు, వాదించాడు, బతిమాలాడు, చివరికి గోదాములోంచి బస్తాలు విప్పించి అందరికీ పంచమన్నాడు. ఈ మాటల్లో పడి అతను ఒకటి గమనించలేదు. గొడుగు కదలకపోయినా నీడ కదులుతుంది. ఎప్పుడో అతని మీద నుంచి జరిగి పక్క కుర్చీలోని వాళ్ళకు వెళ్ళిపోయింది.

ఇరవై ఏళ్ళుగా ఖతార్‌లో ఉన్నాడని పేరే కాని, అతను ఎండలో ఉన్నది ఎప్పుడు? ఇంటి ఏసీ లోంచి కారు ఏసీలోకి, కారు లోంచి దుకాణం ఏసీలోకి. అక్కడి ఎండ అతనికి అద్దం అవతలి సరుకు. మలగా ఎండ అద్దం ఇవతలికి వచ్చింది. సాయంత్రానికి అతను ఎండుమిరప రంగులోకి తిరిగాడు. తల తిరిగింది, వాంతులయ్యాయి. ఒంట్లో నీళ్ళన్నీ ఇగిరిపోయి, సరిగ్గా పక్కలో, మెలిపెడుతూ నొప్పి మొదలైంది.

ఆసుపత్రిలో డాక్టరు సెలైన్ పెట్టించి, కిడ్నీలు ఎండిపోయాయని, ప్రాణభయమేమీ లేకపోయినా మిగిలిన రోజులన్నీ కదలకుండా ఇక్కడే ఉండాలని చెప్పాడు. ఆ రాత్రి సునంద భయపడి కుర్చీలోనే కూర్చుంది. తెల్లవారి తెర తీస్తే, కిటికీ నిండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా సముద్రం ఉంది. ఎవరూ ఎవరి చొక్కా పట్టుకోనక్కర్లేకుండా కనబడుతోంది. పెయిన్, పక్క, నీళ్ళెక్కించే గది. భూమవ్వ విన్నదాంట్లో ఊరి పేరూ ఆపరేషనూ తప్ప తప్పేమీ మిగల్లేదు.

గంగాప్రసాద్ ఊరివాళ్ళ గ్రూపులో, "ఆసుపత్రిలో ఉన్నాను. నిజంగా పెయిన్" అని పెట్టాడు. నవ్వుతున్న బొమ్మలు వరదలా వచ్చాయి. భూమవ్వకు ఫోను చేస్తే ఎత్తి, "ఇప్పుడేం పేట?" అని అడిగి పెట్టేసింది.

అతని రంగు ఎండుమిరప నుంచి పండుమిరపకు దిగాక సునంద ధైర్యం చేసి ఒక్కతే బయట తిరగడం మొదలుపెట్టింది. పొద్దున వచ్చి పలకరించి, కోట చూసి, ఓడరేవు చూసి, సాయంత్రం మళ్ళీ వచ్చేది. ఆమె ముఖం రోజురోజుకూ వెలుగుతోంది. మూడో రోజు సాయంత్రం ఒక సంచి మోసుకొచ్చి, కుర్చీ కిటికీ వైపు తిప్పుకొని కూర్చుంది.

"ఏందది?" అన్నాడు గంగాప్రసాద్.

"ఎండుద్రాక్ష. పాత మార్కెట్ల ఒక దుకాణమున్నది. మొరాకో ఆయనది. అరబ్బీ మాట్లాడిండు. నాకొచ్చిన నాలుగు ముక్కల్తోని ముచ్చట వెట్టిన."

"ఎంత..." అని వచ్చిన మాటను అతను దగ్గుగా మార్చేశాడు.

"కొనలే. మార్చుకున్న. బుచ్చన్న ఇచ్చిన ఉలవల పొట్లం బ్యాగులనె ఉండె. అది జూసి ఆయన గుప్పిట్ల పట్టిండు, కొరికి చూసిండు, మస్తు ఖుషీ అయిండు. ఆయన తమ్మునికి గుర్రాల సాల ఉన్నదట. గుర్రాలకు గిదే కావాలె, ఎన్ని బస్తాలున్నా ఏడాది పొడుగు తీస్కుంట, ధర చెప్పమన్నడు."

గంగాప్రసాద్ సెలైన్ గొట్టంతో సహా లేచి కూర్చున్నాడు. "నువ్వేమన్నవ్?"

"అరబ్బీల మాఫీ బిజినెస్ అన్న. ఈ ప్రయాణంల మాకు బ్యారం లేదు, ఒట్టున్నదని చెప్పిన. పాపం, నంబర్ గూడ ఇయ్యవోయిండు. వద్దన్న."

"ఆ దుకాణం పేరేంది? ఏ గల్లీ? తలుపు ఏ రంగు?"

"అవి అడిగితె ధర అడిగినట్టే," అంది సునంద, ఒక ఎండుద్రాక్ష నోట్లో వేసుకొని సముద్రం వైపు చూస్తూ.

అప్పుడే డాక్టరు లోపలికి వచ్చి, ఇంకా నొప్పి ఉందా, ఎక్కడ ఉందో చూపించమని సైగ చేశాడు. గంగాప్రసాద్ కిడ్నీల జోలికి పోకుండా, కుర్చీ పక్కనున్న సంచి చూపించాడు.